డైవింగ్ కిట్ వేరేవాళ్లు బిగిస్తే: ఏది వదిలేయొచ్చు, ఏది వదలకూడదు

మాల్దీవుల్లో లైవ్‌అబోర్డ్ (రోజుల తరబడి అందులోనే ఉండి డైవింగ్ చేసే) బోటు ఎక్కితే మీ బీసీడీ (గాలి నింపుకునే తేలుడు జాకెట్), రెగ్యులేటర్ (ట్యాంకు గాలిని నోటికి అందించే పరికరం) మొదటి రోజే పక్కనుండే ధోనీ అనే పడవలోకి వెళ్లిపోతాయి. గాలి నింపే కంప్రెసర్ ఉండేది కూడా ఎక్కువగా ఆ ధోనీ మీదే. ఇక వారమంతా మీ ట్యాంకు మీ చోటులోనే నిలబడి ఉంటుంది. డైవ్ అయ్యాక క్రూ వాళ్లే రెగ్యులేటర్ విప్పి, గాలి నింపి, మళ్లీ బిగించేస్తారు. మీరు టిఫిన్ చేసి వచ్చేసరికి అంతా రెడీ. అండమాన్‌లోనూ చాలా బోట్ల మీద ఇదే పద్ధతి. అక్కడి హావ్‌లాక్ దీవి పేరు 2018లో స్వరాజ్ ద్వీప్ అయింది కానీ, కిట్ మోసుకొచ్చి వీపుకు తగిలించే మర్యాదలో మార్పేమీ లేదు.

ఈ సేవ తీసుకోవచ్చా, కూడదా అని డైవర్లు తెగ వాదించుకుంటారు. ఒక వర్గం "నా కిట్ ఇంకొకరు ముట్టుకుంటే ఊరుకోను" అంటుంది. ఇంకో వర్గం "డబ్బు కట్టింది ఇందుకే కదా" అంటుంది. నా మటుకు బిగించే చేయి ఎవరిదైనా ఫర్వాలేదు. రోజుకు యాభై ట్యాంకులు బిగించే కుర్రాడు, ఏడాదికోసారి సెలవులకు వచ్చే మనకంటే ఆ పని శుభ్రంగానే చేస్తాడు. కానీ బిగించినదాన్ని సరిచూసే పని దిగేవాళ్లదే. ఆ కుర్రాడు ఇరవై మందికి వరసగా బిగిస్తున్నాడు, మధ్యలో ఎవరో పిలుస్తారు, ఆగిన చోటు నుంచి కాకుండా ఒక మెట్టు దాటి మళ్లీ మొదలుపెడతాడు. పొరపాట్లు ఎక్కువగా పుట్టేది అక్కడే.

కాబట్టి ఈ మార్గదర్శి "బిగించుకోవడం ఎలా" అని కాదు, అది ఓపెన్ వాటర్ అనే మొదటి డైవింగ్ కోర్సులో నేర్పే ఉంటారు. వేరేవాళ్లు బిగించిన కిట్‌ను ఏ వరసలో, ఎక్కడెక్కడ చూసుకోవాలన్నదే ఇక్కడి విషయం. మొత్తం అయిదారు నిమిషాల పని.

ముందుగా మొహమాటం సంగతి

మనవాళ్లకు అసలు ఇబ్బంది సాంకేతికం కాదు. క్రూ కుర్రాడు అంత ఆప్యాయంగా బిగించి పెట్టాక, అతని ఎదుటే మళ్లీ అన్నీ తిప్పి చూస్తే "నన్ను నమ్మట్లేదు" అనుకుంటాడేమో అని బిడియం. మొహమాటానికి పోతే ఏమవుతుందో మన సామెత ఎప్పుడో చెప్పింది, ఇక్కడ రాయలేను.

ఈ బిడియం పోవాలంటే బోటు ఎక్కగానే ముందే చెప్పేయాలి. కిట్ బిగించాక చెబితే తప్పు పట్టినట్టుంటుంది, బిగించకముందు చెబితే అది మీ అలవాటుగా తీసుకుంటారు. అండమాన్‌లో తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు కాబట్టి బోటు మీద తెలుగు వినబడినా ఆశ్చర్యం లేదు. అప్పుడైతే "అన్నా, ట్యాంకు మీరు బిగించండి, వాల్వ్ మాత్రం నేను తెరుస్తా, ఆ తర్వాత ఎవరూ ముట్టుకోవద్దు" అంటే సరిపోతుంది. లేదంటే హిందీలో "భయ్యా, చెక్ మైఁ ఖుద్ కరూంగా" (చెక్ నేనే చేసుకుంటా) అన్నా చాలు. అనుభవం ఉన్న క్రూ ఎవరూ దీనికి నొచ్చుకోరు. పైగా అలా అడిగే డైవర్ అంటే వాళ్లకు కాస్త గౌరవం కూడా.

కొత్త బోటు, కొత్త షాపు, అద్దె కిట్ అయితే నా సలహా ఒకటి: మొదటి డైవ్‌కు మీరే బిగించుకోండి. ఒక్కసారి మీ చేత్తో బిగిస్తే ఆ బీసీడీకి డంప్ వాల్వులు (గాలి వదిలేసేవి) ఎక్కడున్నాయో, ఆక్టోపస్ (అదనంగా ఉండే రెండో మౌత్‌పీస్) ఏ పక్క నుంచి వస్తుందో, మునగడానికి పెట్టుకునే వెయిట్ల పాకెట్లు ఎలా ఊడతాయో చేతికి తెలిసిపోతుంది. రెండో డైవ్ నుంచి క్రూకి వదిలేసినా తేడా వస్తే మీ కన్ను పట్టేస్తుంది.

ట్యాంకు, బెల్టు, ఓ-రింగ్

మొదట బీసీడీ వెనక పట్టీ. ఆ నైలాన్ బెల్టు తడిస్తే సాగుతుంది, అందుకే బిగించే ముందు తడపాలి. పొడిగా ఉన్నప్పుడు బిగిస్తే బోటు మీద గట్టిగానే అనిపిస్తుంది, నీళ్లలోకి దిగాక ట్యాంకు మెల్లగా కిందికి జారుతుంది. పరీక్ష సులువు: బీసీడీ పై పట్టీ పట్టుకుని రెండు మూడుసార్లు కుదిపి పైకెత్తండి. ట్యాంకు కదిలిందా, విప్పి మళ్లీ బిగించాలి.

తర్వాత ఎత్తు. ట్యాంకు మరీ పైకి ఉంటే తల వెనక్కి వంచినప్పుడల్లా ఫస్ట్ స్టేజ్ (రెగ్యులేటర్‌లో ట్యాంకుకు బిగించే భాగం) తలకు కొడుతుంది. మీ ఎత్తు, మెడ క్రూకి తెలియదు, వాళ్లు అందరికీ ఒకే కొలతలో బిగిస్తారు.

ఓ-రింగ్ చూడాలంటే నిజానికి రెగ్యులేటర్ విప్పాలి. యోక్ రకం (వాల్వ్ చుట్టూ పట్టుకుని బిగిసేది) అయితే ఆ రబ్బరు రింగు ట్యాంకు వాల్వ్ మీద ఉంటుంది, డిన్ రకం (వాల్వ్‌లోకి మరలా తిరిగేది) అయితే రెగ్యులేటర్ మీద. ప్రతిసారీ విప్పి చూడమని చెప్పను. గాలి తెరిచాక చెవి దగ్గర పెట్టి వినండి, సన్నగా బుస్సుమంటుంటే ఓ-రింగ్ మార్చించండి. "కొంచెమే కదా, నీళ్లలోకి వెళ్తే ఆగిపోతుంది" అని ఎవరైనా అంటే తలూపి, మార్చాకే దిగండి. నాలుగైదు ఓ-రింగులు మీ డ్రై బ్యాగులో పడేసుకుంటే ఈ చర్చే ఉండదు.

వాల్వ్: ఇక్కడ మాత్రం తొందర వద్దు

వేరేవాళ్లు బిగించిన కిట్‌లో ప్రాణం మీదికి తెచ్చే పొరపాట్లలో ముఖ్యమైనవి రెండు, రెండూ ట్యాంకు వాల్వ్ దగ్గరే.

మొదటిది, మూసేసిన వాల్వ్. క్రూ రెగ్యులేటర్ బిగించి, వాల్వ్ తెరిచి, ట్యాంకులో గాలి ఎంతుందో చూపే గేజ్ 200 బార్ (నిండు ట్యాంకు పీడనం) చూపించిందని నిర్ధారించుకుని, ఎండలో గాలి లీకవకుండా మళ్లీ మూసేస్తారు. మంచి ఉద్దేశమే. కానీ గొట్టాల్లో ఉన్న గాలి అక్కడే బందీ అయి ఉంటుంది కాబట్టి గేజ్ ముల్లు 200 మీదే నిలబడి ఉంటుంది. మీరొచ్చి గేజ్ చూసి "ఫుల్" అనుకుంటారు. నోట్లో పెట్టుకుని ఒకటి రెండు ఊపిర్లు తీసుకుంటే వస్తాయి కూడా. ఆ తర్వాత గాలి రాదు. నీటి పైన తేలుతూ ఉంటే కంగారు పడి బయటపడొచ్చు. మాల్దీవుల్లో కందు అని పిలిచే కాలువల దగ్గర ప్రవాహం గట్టిగా ఉంటుంది కాబట్టి బీసీడీలో గాలి లేకుండానే దూకి సూటిగా కిందికి వెళ్లిపొమ్మంటారు. మూసిన వాల్వ్‌తో అలా దూకితే, ఊపిరి ఆగిపోయేసరికి బీసీడీలోకి పంపడానికి కూడా గాలి ఉండదు.

రెండోది ఇంకా తెలివిగా మోసం చేస్తుంది. పాత పద్ధతిలో వాల్వ్ పూర్తిగా తెరిచాక అర చుట్టు వెనక్కి తిప్పమని నేర్పేవారు, వాల్వ్ బిగుసుకుపోకుండా. ఇప్పుడు చాలామంది శిక్షకులు ఆ అర చుట్టు వద్దంటున్నారు, పూర్తిగా తెరిచి వదిలేయమంటున్నారు. కారణం ఇది: తెరిచి ఉన్న వాల్వ్‌ను ఎవరో మూసి ఉందనుకుని, లేదా ఏ దిక్కుకు తిప్పాలో తికమకపడి, పూర్తిగా మూసి "అర చుట్టు వెనక్కి" తిప్పారనుకోండి. ఇప్పుడు వాల్వ్ అర చుట్టే తెరుచుకుని ఉంది. ఒడ్డున అంతా బాగానే ఉంటుంది. గేజ్ 200 చూపిస్తుంది, ఊపిరి హాయిగా వస్తుంది.

లోతుకు వెళ్లాక అసలు రంగు బయటపడుతుంది. 30 మీటర్ల దగ్గర పీడనం 4 రెట్లు, అంటే ప్రతి ఊపిరికీ ట్యాంకులోంచి ఒడ్డున తీసుకునేదానికి 4 రెట్ల గాలి రావాలి. ఒడ్డున నిమిషానికి 15 నుంచి 20 లీటర్లు వాడే మనిషికి అక్కడ 60 నుంచి 80 లీటర్లు కావాలి. కొద్దిగా తెరిచిన వాల్వ్ అంత వేగంగా ఇవ్వలేదు. దానికి తోడు ట్యాంకులో గాలి తగ్గేకొద్దీ నెట్టే బలమూ తగ్గుతుంది. గాలి ఉండీ అందదు, ఊపిరి బిగుసుకుంటుంది.

ఈ రెంటికీ పరీక్ష ఒక్కటే, అది అర నిమిషం కూడా పట్టదు. రెగ్యులేటర్ నోట్లో పెట్టుకుని, గేజ్‌ను కళ్ల ముందు పట్టుకుని, నాలుగైదు గట్టి ఊపిర్లు తీసుకోండి. ముల్లు కదలకూడదు. ఊపిరి పీల్చినప్పుడల్లా ముల్లు కిందికి పడి, ఆపగానే మళ్లీ పైకి లేస్తుంటే వాల్వ్ సగమే తెరిచి ఉంది. పడి ఇక లేవకపోతే పూర్తిగా మూసి ఉంది. ఊపిరి తీసుకుంటూ దూరంగా సముద్రం వైపు చూస్తే ఈ పరీక్షకు అర్థం లేదు, కళ్లు ముల్లు మీదే ఉండాలి. కొద్దిగానే మూసి ఉంటే ఒడ్డున ముల్లు కదలకపోవచ్చు, అందుకే చేత్తో కూడా తిప్పి చూడండి: వాల్వ్ పిడికి ఎదురుగా నిలబడి, గడియారం ముళ్లకు వ్యతిరేక దిశలో, ఇక తిరగదనే దాకా.

ఈ పని మాత్రం ఎవరికీ అప్పగించకండి. ట్యాంకు ఎవరు మోసినా, బెల్టు ఎవరు బిగించినా, వాల్వ్ తెరిచేది మీరే అన్నది నియమంగా పెట్టుకోండి.

రెగ్యులేటర్, బీసీడీ

గాలి తెరవకముందు ఒక చిన్న పరీక్ష ఉంది, చాలామంది మరిచిపోతారు. గొట్టాల్లో గాలి లేనప్పుడు మౌత్‌పీస్ నోట్లో పెట్టుకుని పీల్చండి. గాలి రాకూడదు, లోపలంతా గట్టిగా పట్టేసినట్టుండాలి. గాలి వస్తుందంటే మౌత్‌పీస్ చిరిగి ఉండాలి, లేదా గాలి బయటికి పోయే రబ్బరు పొర సరిగ్గా కూర్చుని ఉండదు. ఆ దారిలోనే నీళ్లలో ఉప్పునీరు నోట్లోకి వస్తుంది. ఆక్టోపస్‌కు కూడా ఇదే. అది బడ్డీకి (మీకు జతగా దిగే డైవర్‌కు) ప్రాణం కాబట్టి కాస్త ఎక్కువ శ్రద్ధగానే చూడండి.

గాలి తెరిచాక మొదటి ఊపిరి వాసన పట్టండి. నూనె వాసనో, పొగ వాసనో వస్తే ఆ ట్యాంకు పక్కన పెట్టించండి. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు కాబట్టి వాసన రానంత మాత్రాన గాలి స్వచ్ఛమని చెప్పలేం, వాసన వస్తే మాత్రం అది చెడ్డదే, సందేహం అక్కర్లేదు.

బీసీడీలోకి గాలి పంపే ఇన్‌ఫ్లేటర్ బటన్ నొక్కి వదలండి, వదలగానే గాలి ఆగాలి. ఉప్పు పేరుకుని బటన్ ఇరుక్కుంటే బీసీడీ దానంతటదే ఉబ్బుతూ పోతుంది, మిమ్మల్ని పైకి లాగేస్తుంది. అద్దె కిట్లలో ఇది చూస్తూనే ఉంటాం. బీసీడీ గట్టిపడేదాకా నింపి రెండు నిమిషాలు వదిలేయండి, మెత్తబడితే ఎక్కడో లీకుంది. డంప్ వాల్వుల తాళ్లు ఒక్కొక్కటీ లాగి చూడండి. గొట్టం గట్టిగా లాగి చూసి ఇన్‌ఫ్లేటర్‌కు సరిగ్గా తగులుకుందో లేదో తేల్చుకోండి. గొట్టం తగిలించడం మరిచిపోవడం క్రూ చేసే పొరపాట్లలో మామూలు విషయం, కాకపోతే దిగకముందే దొరుకుతుంది.

వెయిట్లు

మీరు "ఆరు కిలోలు" అన్నారు, క్రూ పెట్టారు. ఎంత పెట్టారో చేత్తో తడిమి చూడండి. పక్క డైవర్ పాకెట్ మీకు, మీది ఆయనకు వచ్చే అవకాశం ఎప్పుడూ ఉంటుంది, ముఖ్యంగా ఒకే కంపెనీ బీసీడీలు పది వరసగా ఉన్నప్పుడు. రెండు వైపులా సమానంగా ఉన్నాయా, పాకెట్ తాళం పడిందా, ఒక్క లాగుకు ఊడి వస్తుందా చూసుకోవాలి.

ఇంకో సంగతి: మామూలు 80 ఘనపుటడుగుల అల్యూమినియం ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు మునుగుతుంది, ఖాళీ అయ్యేసరికి తేలుతుంది. రెండు కిలోల పైచిలుకు గాలి బరువే పోతుంది మరి. స్టీలు ట్యాంకు అలా కాదు, ఖాళీ అయినా చాలావరకు బరువుగానే ఉంటుంది. నిన్న అల్యూమినియం, ఇవాళ స్టీలు పెట్టారా అన్నది కూడా చూడాల్సిన విషయమే. వెయిట్ల లెక్క మారిపోతుంది.

నైట్రాక్స్ తీసుకుంటే

నైట్రాక్స్ (ఆక్సిజన్ పాళ్లు పెంచిన గాలి) విషయంలో సాయం అన్న మాటే లేదు. ట్యాంకులో ఆక్సిజన్ ఎంతుందో అందులోంచి ఊపిరి తీసుకునేవాళ్లే కొలవాలి, లేదా కొలుస్తుంటే పక్కనుండి చూడాలి. శిక్షణ సంస్థలన్నీ ఇదే చెబుతాయి.

ఆక్సిజన్ శాతం కొలిచే అనలైజర్‌ను ముందు మామూలు గాలిలో 20.9 దగ్గర సరిచేయండి. తర్వాత ట్యాంకు గాలిని సన్నగా వదిలి, అంకె నిలకడగా ఆగేదాకా ఆగండి. తొందరపడి మొదటి అంకె రాసేస్తే తప్పుతారు. 32 శాతం మిశ్రమానికి ఆక్సిజన్ పీడనం 1.4 బార్ దాటకూడదన్న లెక్కన గరిష్ఠ లోతు 33 మీటర్లు. అదే 36 శాతమైతే 28 మీటర్లే. ట్యాంకు మీద 32 అని రాసి ఉండి లోపల 36 ఉంటే, 33 మీటర్ల దగ్గర మీరు హద్దు దాటినట్టే. ఆక్సిజన్ ఎక్కువైతే నీళ్లలో మూర్ఛ వచ్చి రెగ్యులేటర్ నోట్లోంచి జారిపోయే ప్రమాదం ఉంది. తేడా రెండో వైపు ఉన్నా నష్టమే: లోతు, సమయం లెక్క చూసే డైవ్ కంప్యూటర్‌లో 32 అని పెట్టి, ట్యాంకులో మామూలు గాలి ఉంటే, ఒంట్లో నైట్రోజన్ కంప్యూటర్ అనుకునేదానికంటే ఎక్కువగా చేరుతుంది.

కొలిచాక శాతం, గరిష్ఠ లోతు, తేదీ, మీ పేరు టేపు మీద రాసి ట్యాంకుకు అంటించండి. కంప్యూటర్‌లో ఆ శాతమే పెట్టండి. తర్వాత క్రూ ట్యాంకులు అటూ ఇటూ జరిపితే టేపు మీది చేతిరాత మీదేనా అని చూసుకున్నాకే వాల్వ్ తెరవండి.

దూకే ముందు ఆఖరి అర నిమిషం

బడ్డీతో చేసే చెక్ అందరికీ తెలిసిందే: బీసీడీ, వెయిట్లు, బకిల్స్, గాలి, చివరగా మొత్తం ఒకసారి. వీటిలో గాలి దగ్గర మళ్లీ గేజ్ చూస్తూ ఊపిర్లు తీసుకోండి.

ఆ తర్వాత బోటు అంచున నిలబడతారు. అక్కడ క్రూ కుర్రాడు అలవాటుగా వెనక నుంచి వాల్వ్ మీద చేయి వేసి ఒకసారి తిప్పుతాడు, తెరిచి ఉందో లేదో చూద్దామని. అలలకు బోటు ఊగుతుంటుంది, వెనక నలుగురు నిలబడి ఉంటారు, అతను తిప్పిన దిక్కు తప్పొచ్చు. మీరు చేసిన చెక్ అంతా ఆ ఒక్క చేతి తిప్పుతో చెల్లకుండా పోతుంది. ఎవరైనా వాల్వ్ ముట్టుకున్నారని అనిపిస్తే "ఒక్క నిమిషం" అని చేయి ఎత్తి, గేజ్ చూస్తూ మళ్లీ నాలుగు ఊపిర్లు తీసుకున్నాకే దూకండి. వెనకవాళ్లు విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

అన్నీ చేసినా లోతులో ఊపిరి బిగుసుకుందనుకోండి. గేజ్‌లో గాలి ఉండి, పీల్చినప్పుడు ముల్లు పడి లేస్తుంటే వాల్వ్ సంగతేనని అర్థం. వెంటనే బడ్డీకి సైగ చేసి అతని ఆక్టోపస్ తీసుకోండి, అతనితో వెనక వాల్వ్ పూర్తిగా తెరిపించండి. ఎడమ చేత్తో ట్యాంకు అడుగు పైకి నెట్టి, కుడి చేత్తో మీ వాల్వ్ మీరే అందుకోవడం కూడా సాధ్యమే. కానీ అది స్విమ్మింగ్ పూల్‌లో ముందే సాధన చేసి ఉండాలి. 25 మీటర్ల దగ్గర మొదటిసారి ప్రయత్నిస్తే టెన్షన్ తప్ప ఏమీ చేతికి రాదు.

రెండో డైవ్‌కు

రెండో డైవ్‌కు అందరూ బద్ధకిస్తారు. పొద్దున బాగానే ఉంది కదా అని. కానీ ట్యాంకు మారింది లేదా మళ్లీ నింపారు, రెగ్యులేటర్ విప్పి బిగించారు, వాల్వ్ మళ్లీ తెరిచి మూశారు. అంటే ఇది కొత్త కిట్ కింద లెక్క. కొత్త ట్యాంకు అనుకున్నది మార్చకుండా, నింపకుండా వదిలేసిన పాతదే కావొచ్చు, గేజ్ 60 చూపిస్తుంటే అదే జరిగింది. ఇంట్లో గ్యాస్ బండ మార్చిన ప్రతిసారీ లీకు చూసుకుంటాం కదా, పోయిన నెల బాగానే ఉందని వదిలేయం.

రెగ్యులేటర్ విప్పినప్పుడు డస్ట్ క్యాప్ ఆరబెట్టి పెట్టారా అన్నది కూడా గమనించండి. తడి మూతే బిగిస్తే ఉప్పునీరు ఫస్ట్ స్టేజ్‌లోకి చేరుతుంది. సొంత రెగ్యులేటర్ ఉన్నవాళ్లు ఈ ఒక్క పని తామే చేసుకుంటే సర్వీసింగ్ ఖర్చు మిగులుతుంది.

నడుము నొప్పి ఉన్నవాళ్లు, మొదటిసారి దిగేవాళ్లు

వెన్ను సమస్య ఉన్నవాళ్లు, వయసు మళ్లినవాళ్లు, అంగవైకల్యం ఉన్న డైవర్లు ట్యాంకు ఎత్తే పని నిస్సంకోచంగా క్రూకి వదిలేయాలి. నీళ్లలోనే కిట్ తొడిగించమని అడిగినా తప్పు లేదు. చేతులతో బిగించలేనివాళ్లు కూడా పైన చెప్పిన ప్రతి మెట్టునూ ఒక్కొక్కటిగా చేయించి చూసుకోవచ్చు. "ఇప్పుడు వాల్వ్ తెరవండి, గేజ్ నా ముందు పట్టండి" అంటే ఎవరూ కాదనరు.

విశాఖ రుషికొండలోనో, కర్ణాటకలో మురుడేశ్వర్ దగ్గర నేత్రాణి దీవిలోనో, అండమాన్‌లోనో సర్టిఫికెట్ లేకుండా ఒక్కసారి దిగి చూద్దామనుకునేవారి కథ వేరు. అక్కడ కిట్ పూర్తిగా శిక్షకుడిదే, మీకు చేతనయింది తక్కువ. అయినా నాలుగు అడగొచ్చు: నా గేజ్ ఏది, ఇప్పుడు ఎంత చూపిస్తోంది, బీసీడీలోకి గాలి ఏ బటన్‌తో వెళ్తుంది, ఎన్ని మీటర్లకు తీసుకెళ్తారు. ఈ రకం ట్రయల్ డైవ్‌కు పాడీ లాంటి డైవింగ్ శిక్షణ సంస్థలు పెట్టిన గరిష్ఠ లోతు 12 మీటర్లు. ఒక శిక్షకుడు ఎంతమందిని తీసుకెళ్తున్నాడో కూడా లెక్కపెట్టండి, మీ ఒక్కరి చేయే పట్టుకుని ఉంటే ఇంకా మంచిది. దిగేముందు ఒడ్డునే గేజ్ చూపించి, నాలుగు ఊపిర్లు తీసుకోనివ్వమనండి. అంత టైము లేదంటే, కట్టిన డబ్బు వెనక్కి అడిగి ఇంకో షాపు చూసుకోండి.